పట్టాలనూ రోడ్డునూ ఒక్కటి చేసిన ఏలిక
రైల్వేను కొన్నారు.. బస్సును తెచ్చారు.. ఏడో నిజాం పాలనలో వెలుగుతో పాటే చీకటీ

కాజీపేట: కాజీపేట జంక్షన్‌ నుంచి మూడు దారులు చీలిపోతాయి. ఒకటి సికింద్రాబాద్‌ వైపు, మరొకటి విజయవాడ వైపు, మూడోది బల్లార్షా మీదుగా ఢిల్లీ వైపు సాగుతాయి. నిత్యం వేలాది ప్రయాణికులు ఈ దారుల్లో రాకపోకలు సాగిస్తుంటారు. స్టేషన్‌ బయటకు రాగానే ఆర్టీసీ బస్సు ఎక్కి పల్లెలకు చేరుకుంటారు. నేడు రైలు కేంద్ర ప్రభుత్వానిది, బస్సు రాష్ట్రానిది. ఒకప్పుడు ఈ రెండింటికీ యజమాని ఒక్కరే. రైలును నడిపిన శాఖే బస్సునూ నడిపింది. ఆ ఏర్పాటుకు మూలపురుషుడు హైదరాబాద్‌ సంస్థానాన్ని ఏలిన ఏడో నిజాం మీర్‌ ఉస్మాన్‌ అలీఖాన్‌. ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడిగా పేరుమోసిన ఆయన నగల గురించి, పొదుపు గురించి కథలు కోకొల్లలు. ఆయన ఏలుబడిలో సామాన్యుడి ప్రయాణం ఎలా మారింది, ఎంతవరకు మారింది అన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

వరద మిగిల్చిన నగరానికి వారసుడు

ఉస్మాన్‌ అలీఖాన్‌ 1886 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని పురానీ హవేలీలో జన్మించారు. తండ్రి ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌. తండ్రి మరణంతో 1911 ఆగస్టులో పాతికేళ్ల వయసులో గద్దెనెక్కారు. సుమారు 82 వేల చదరపు మైళ్ల విస్తీర్ణం గల సంస్థానం ఆయన చేతికి వచ్చింది. తెలంగాణతో పాటు నేటి మహారాష్ట్రలోని మరాఠ్వాడా, కర్ణాటకలోని కన్నడ జిల్లాలు అందులో భాగంగా ఉండేవి. తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడే ప్రజలను ఉర్దూలో పాలించిన రాజ్యమది.

అంతకు మూడేళ్ల ముందు, 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని తుడిచిపెట్టింది. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. యువ నిజాం పాలన ఆ శిథిలాల నడుమనే మొదలైంది. ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు మూసీ మీద ఉస్మాన్‌సాగర్‌, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్‌ నిర్మించారు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పాటైంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ప్రారంభమైంది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి భవనాలు మూసీ ఒడ్డున వెలిశాయి. కాచిగూడ రైల్వేస్టేషన్‌ భవనం సైతం 1916లో ఆయన హయాంలోనే రూపుదిద్దుకుంది. గుమ్మటాలతో కోటను తలపించే ఆ భవనం ముందు నేటికీ ప్రయాణికులు ఒక్క క్షణం ఆగి తలెత్తి చూస్తుంటారు.

మన నేల మీద రైలు.. లాభం లండన్‌కు

హైదరాబాద్‌ సంస్థానంలో రైలు ఉస్మాన్‌ అలీఖాన్‌ పుట్టకముందే కూత పెట్టింది. మొదటి సాలార్‌జంగ్‌ ప్రధానిగా ఉన్న కాలంలో, 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌ వరకు మార్గం ప్రారంభమైంది. బొంబాయి, మద్రాసులను కలిపే ప్రధాన మార్గానికి సంస్థాన రాజధాని ఆ విధంగా అనుసంధానమైంది. తర్వాత ఈ దారి కాజీపేట, వరంగల్‌ మీదుగా సాగి 1889 నాటికి బెజవాడ చేరింది. సింగరేణి బొగ్గు బయటి ప్రపంచానికి తరలడానికి ఈ పట్టాలే ఆధారమయ్యాయి.

ఈ ప్రగతి వెనుక మరో లెక్క ఉంది. 1883లో రైల్వే నిర్వహణ లండన్‌లో ఏర్పడిన కంపెనీ చేతికి వెళ్లింది. దాని పేరే నిజాం గ్యారంటీడ్‌ స్టేట్‌ రైల్వే. గ్యారంటీ ఇచ్చింది నిజాం సర్కారు, అందుకున్నది అక్కడి వాటాదారులు. రైలుకు రాబడి వచ్చినా రాకున్నా వారికి నిర్ణీత వడ్డీ ముట్టజెప్పవలసిందే. ఆ భారం చివరకు ఖజానా మీద, ఖజానాను నింపే రైతు మీద పడుతుందని కొందరు విద్యావంతులు ఆనాడే గుర్తించారు. చాందా రైల్వే పథకం పేరుతో సాగుతున్న ఈ ఒప్పందం వివరాలు ప్రజల ముందు పెట్టాలని ఆందోళన చేశారు. వారిలో ముఖ్యుడు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్‌ చటోపాధ్యాయ. ఫలితంగా ఆయనను సంస్థానం నుంచి బహిష్కరించారు. తెలుగు గడ్డ మీద రైల్వే లెక్కలు అడిగినందుకు దక్కిన తొలి శిక్షల్లో అదొకటి.

ఈ నేపథ్యంలో చూస్తేనే ఏడో నిజాం కాలంలో జరిగిన మార్పు విలువ అర్థమవుతుంది. ఆర్థిక వ్యవహారాలు చూస్తున్న సర్‌ అక్బర్‌ హైదరీ సంప్రదింపులు నడిపారు. 1930 ఏప్రిల్‌ 1న సంస్థాన ప్రభుత్వం రైల్వేను కొనుగోలు చేసింది. పేరులోని గ్యారంటీ అన్న మాట పోయి నిజాం స్టేట్‌ రైల్వే మిగిలింది. అర్ధశతాబ్దం కిందట అఘోరనాథుడు లేవనెత్తిన ప్రశ్నకు ఆలస్యంగానైనా అందిన జవాబుగా దీనిని భావించవచ్చు.

ఉత్తర దక్షిణాలకు వంతెన

కొనుగోలుకు ఏడాది ముందే మరో పెద్ద పని పూర్తయింది. కాజీపేట నుంచి గోదావరి దాటి, ఆదిలాబాద్‌ అడవుల గుండా బల్లార్షా వరకు వేసిన మార్గం 1929లో సిద్ధమైంది. దీనితో ఢిల్లీ, మద్రాసుల మధ్య దగ్గరి దారి ఏర్పడింది. గ్రాండ్‌ ట్రంక్‌ ఎక్స్‌ప్రెస్‌ పరుగు మొదలైంది కూడా ఆ ఏడాదే. అంతవరకు రెండు దిక్కుల స్టేషన్‌గా ఉన్న కాజీపేట, దేశపు రైల్వే పటంలో కీలక కూడలిగా మారింది. జిల్లాలో వేలాది కుటుంబాలకు రైల్వే కొలువు జీవనాధారం కావడానికి ఆనాడే పునాది పడింది.

పట్టాల వెంట పరిశ్రమలూ వచ్చాయి. 1934లో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు ప్రారంభమైంది. సిర్పూర్‌లో కాగితం మిల్లు నెలకొల్పగా దాని పేరుమీదనే ఊరు కాగజ్‌నగర్‌ అయింది. బొగ్గు, పత్తి, కాగితం, కలప ఈ దారిన తరలాయి. ఆజంజాహీ మిల్లు తర్వాతి కాలంలో మూతపడింది. మిల్లు సైరన్‌ విని పొద్దు గుర్తించిన తరం మాత్రం వరంగల్‌లో నేటికీ ఉంది.

ఇరవై ఏడు బస్సులతో..

1920 దశకం చివరికి దేశమంతటా రైల్వేలకు కొత్త చిక్కు వచ్చిపడింది. ప్రైవేటు మోటార్లు రైలు మార్గాలకు సమాంతరంగా తిరుగుతూ ప్రయాణికులను తన్నుకుపోసాగాయి. రైలు స్టేషన్‌కే వస్తుంది, మోటారు ఇంటి ముంగిటికి వస్తుంది. ఈ పోటీని పరిశీలించడానికి బ్రిటిష్‌ ఇండియా ప్రభుత్వం మిచెల్‌, కిర్క్‌నెస్‌ అనే ఇద్దరు అధికారులను నియమించింది. వారి నివేదిక 1933లో వెలువడింది. రైల్వేలు తామే మోటార్లు నడుపుకోవడానికి చట్ట సవరణ జరిగిందీ ఆ ఏడాదే.

హైదరాబాద్‌ అంతవరకు ఆగలేదు. 1932 జూన్‌లోనే నిజాం స్టేట్‌ రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖ ఏర్పడింది. తొలినాళ్లలో ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. రైలుతో పోటీ పడే బస్సుగా కాక రైలుకు తోడు నిలిచే బస్సుగా దానిని తీర్చిదిద్దడమే ఉద్దేశం. రైలు పోలేని తాలూకా ఊళ్లకు బస్సు పోతుంది. అక్కడి ప్రయాణికుడినీ సరకునూ పట్టాల దగ్గరకు చేరుస్తుంది. రెండింటి ఆదాయమూ ఒకే పద్దులోకి వస్తుంది కనుక ఒకదాని నష్టం మరొకదానికి లాభమన్న పేచీ ఉండదు. దేశంలో ప్రభుత్వరంగ బస్సు రవాణాకు ఇది తొలి అడుగుల్లో ఒకటిగా నిలిచింది.

ఆ బస్సులు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో అల్బియన్‌ కంపెనీ తయారుచేసినవి. ముందుకు పొడుచుకొచ్చిన ఇంజను, పెద్ద గుండ్రటి దీపాలు, పెట్రోలుతో నడిచే యంత్రం వాటి స్వరూపం. నేటి బస్సు పక్కన నిలిపితే బొమ్మలా కనిపిస్తాయి. రోడ్డంటే కంకర పరిచిన దారి, వాగంటే వంతెన లేని వాగు అయిన రోజుల్లో వాటిని నడపడం సామాన్యమైన పని కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు రేషన్‌ వచ్చినప్పుడు దేశమంతటా బస్సులకు వెనుక బొగ్గు పొయ్యిలు తగిలించి, ఆ వాయువుతో నడిపారు. దారిలో దిగి పొయ్యి ఎగదోయడం కూడా సిబ్బంది పనిలో భాగమైంది.

హైదరాబాద్‌ రోడ్ల మీద డబుల్‌ డెక్కర్‌ బస్సులు తిరగడం మొదలైంది కూడా 1940 దశకంలోనే. రైలు, బస్సుతో ఆగక విమానంలోనూ నిజాం రైల్వే అడుగుపెట్టింది. బేగంపేట కేంద్రంగా 1945లో ఏర్పడిన దక్కన్‌ ఎయిర్‌వేస్‌లో దానికి ప్రధాన వాటా ఉండేది. నేల, పట్టా, నింగి మూడింటా ఒకే సంస్థ చేయి ఉండటం ఆ కాలానికి అరుదైన విషయం.

బస్సు వెళ్లని బాట

ఇంతవరకు చెప్పుకొన్నది ఒక వైపు మాత్రమే. బస్సు ఆగే రోడ్డు నుంచి నాలుగు మైళ్లు లోపలికి నడిస్తే మరో రాజ్యం ఉండేది. అక్కడ జాగీర్దారు మాటే చట్టం, దేశ్‌ముఖ్‌ గడీయే కచేరీ. దొర కచ్చడంలో బయల్దేరితే ముందు వెట్టివాడు పరుగెత్తాలి. అధికారి మకాం వస్తే బండ్లు కట్టడం, మూటలు మోయడం, నీళ్లు తోడటం అన్నీ ఊరివాళ్లు కూలి లేకుండా చేయాలి. గ్లాస్గో బస్సు రాజధాని వీధుల్లో తిరుగుతున్న రోజుల్లోనే నల్గొండ, వరంగల్‌ జిల్లాల పల్లెల్లో మనిషే వాహనమయ్యాడు. ఆధునిక రవాణాకు సంతకం చేసిన చేయి వెట్టిని కూకటివేళ్లతో పెకలించే పనికి పూనుకోలేదు. నిషేధపు ఫర్మానాలు వెలువడినా అవి గడీ గుమ్మం దాటి లోపలికి వెళ్లలేదు.

ఆ ఆగ్రహమే 1940 దశకంలో రైతాంగ సాయుధ పోరాటమై రగిలింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగారు. దేశానికి స్వాతంత్య్రం వచ్చాక ఇండియన్‌ యూనియన్‌లో చేరకుండా స్వతంత్రంగా ఉండాలన్న నిజాం నిర్ణయం సంస్థానాన్ని నిప్పుల్లోకి నెట్టింది. ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయడానికి కదిలిన జనంపై కాల్పులు జరిగాయి. అక్కడి అమరధామం ఆ నెత్తుటికి గుర్తుగా నిలిచింది. 1948 మే 22న గంగాపూర్‌ స్టేషన్‌లో రైలు ప్రయాణికులపై దాడి జరిగింది. ప్రజలను కలపడానికి వేసిన పట్టాలే భయానికి నెలవయ్యాయి. ఆగస్టులో బైరాన్‌పల్లిలో ఊచకోత సాగింది. విలీనాన్ని సమర్థిస్తూ రాసిన ఇమ్రోజ్‌ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను అదే నెలలో హైదరాబాద్‌ నడిరోడ్డు మీద హతమార్చారు. రజాకార్లను నిజాం అదుపు చేయలేకపోయారా, చేయదలచుకోలేదా అన్న చర్చ నేటికీ ముగియలేదు. బాధ్యత మాత్రం ఏలికదే.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి ప్రవేశించింది. అయిదు రోజుల్లో, 17న నిజాం లొంగిపోయారు.

ఖజానా పోయినా కథలు మిగిలాయి

విలీనం తర్వాత ఉస్మాన్‌ అలీఖాన్‌ 1950 జనవరి 26 నుంచి రాష్ట్రాల పునర్విభజన జరిగిన 1956 వరకు హైదరాబాద్‌ రాష్ట్ర రాజప్రముఖ్‌గా కొనసాగారు. తర్వాత కింగ్‌ కోఠీకే పరిమితమయ్యారు. 1937లో టైమ్‌ పత్రిక ముఖచిత్రంగా వచ్చిన ఈ కుబేరుడు పాత టోపీ, నలిగిన షేర్వాణీతోనే కాలం గడిపారని చెబుతారు. 1965 యుద్ధ సమయంలో దేశ రక్షణకు ఆయన అయిదు టన్నుల బంగారం విరాళం ఇచ్చారన్న కథ ఊరూరా వినిపిస్తుంది. సమాచార హక్కు చట్టం కింద వెలువడిన వివరాల ప్రకారం అది విరాళం కాదు. జాతీయ రక్షణ బంగారు బాండ్లలో వడ్డీకి పెట్టిన 425 కిలోల పెట్టుబడి. 1967 ఫిబ్రవరి 24న ఆయన కన్నుమూశారు. కింగ్‌ కోఠీ ఎదుట తాను కట్టించిన జూదీ మసీదులో ఖననం చేశారు. అంతిమయాత్రకు నగరం పోటెత్తింది.

బస్సుల విషయంలోనూ ఒక కథ ప్రచారంలో ఉంది. ఆర్టీసీ బస్సు నంబర్లలో కనిపించే జడ్‌ అనే అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరులోని మొదటి అక్షరమని, ఆమె జ్ఞాపకార్థమే దానిని ఉంచారని పాతతరం వారు చెబుతారు. ఈ జిల్లాలో బస్సెక్కే పిల్లలకు పెద్దలు చెప్పే ముచ్చట్లలో ఇదొకటి. రాష్ట్రం మారి, నంబరు ముందరి అక్షరాలు ఏపీ నుంచి టీఎస్‌కు, 2024లో టీజీకి మారినా జడ్‌ మాత్రం చెక్కుచెదరలేదు.

దారులు వేరయ్యాయి

నిజాం రైల్వే 1950లో కేంద్ర ప్రభుత్వం చేతికి వెళ్లింది. 1951 నవంబరులో రెండు తోబుట్టువులూ విడిపోయాయి. రోడ్డు రవాణా శాఖ 1వ తేదీన హైదరాబాద్‌ రాష్ట్ర ప్రభుత్వానికి దక్కగా, నాలుగు రోజుల తర్వాత రైల్వే కొత్తగా ఏర్పడిన మధ్య రైల్వేలో కలిసింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్‌ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్‌ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఆవిర్భవించింది. నాటి 27 బస్సుల విత్తనం రెండు తెలుగు రాష్ట్రాల్లో వేలాది బస్సుల మర్రిగా విస్తరించింది. తెలంగాణలో ఆ సంస్థే నేటి టీజీఎస్‌ఆర్టీసీ.

మర్రికి తుపానులూ తప్పలేదు. 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 52 రోజుల పాటు సమ్మె చేశారు. పల్లె బస్సు ఆగిపోతే బడి, ఆసుపత్రి, అంగడి ఎంత దూరమవుతాయో ఆ రోజుల్లో జిల్లా ప్రజలకు తెలిసివచ్చింది. 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం అమలులోకి రావడంతో బస్సులు మళ్లీ కిటకిటలాడుతున్నాయి. రైలు వైపు చూస్తే 2003లో ఎంఎంటీఎస్‌, 2017లో మెట్రో రాజధానికి చేరాయి. కాజీపేటలో రైల్వే తయారీ కర్మాగారానికి 2023 జూలై 8న శంకుస్థాపన జరిగింది. దశాబ్దాల నాటి కోరిక అది.

అన్నీ వచ్చినా రైలు దిగే వేళకు బస్సు ఉండాలన్న ప్రయాణికుడి చిన్న కోరిక మాత్రం పాతబడలేదు. రాత్రి బండి దిగిన పల్లెవాసి ఆటో బేరమాడుకోవలసి వచ్చినప్పుడు, రెండు పద్దులు ఒక్కటిగా ఉన్న ఆ పాత ఏర్పాటు గుర్తుకు రాక మానదు. యజమానులు వేరైనా వేళలు కలపడానికి అడ్డేమీ లేదు.

మిగిలిన ఆనవాళ్లు

నిజాం విమానాల కోసం 1930 ప్రాంతంలో అమెరికా నుంచి తెప్పించిన ఉక్కు హ్యాంగరు తర్వాత గౌలిగూడ బస్టాండుగా మారింది. మూడు తరాల ప్రయాణికులకు నీడనిచ్చిన ఆ కట్టడం 2018 జూలై 5 తెల్లవారుజామున కుప్పకూలింది. జనం లేని వేళ కావడంతో ప్రాణనష్టం తప్పింది. 2003లో కనుమరుగైన డబుల్‌ డెక్కర్‌ 2023లో విద్యుత్తు బస్సు రూపంలో తిరిగి వచ్చింది. 1932 నాటి అల్బియన్‌ బస్సు ఒకదానిని బాగుచేసి హైదరాబాద్‌లోని బస్‌భవన్‌ వద్ద ప్రదర్శనకు నిలిపారు. కాచిగూడ స్టేషన్‌ నేటికీ పనిచేస్తోంది.

ఆనవాళ్లను కాపాడుకోవడమంటే ఏలికకు హారతి పట్టడం కాదు. పరకాల అమరధామం ఎంత నిజమో కాజీపేట జంక్షన్‌ కూడా అంతే నిజం. ఉస్మాన్‌ అలీఖాన్‌ను కొందరు నిర్మాతగా కొలుస్తారు, మరికొందరు నియంతగా నిందిస్తారు. ఆయన పాలనలో ఆ రెండూ ఉన్నాయి. సంతకం ఆయనదే కావచ్చు, సొమ్ము మాత్రం పన్ను కట్టిన రైతుది. పట్టా మోసింది, కంకర కొట్టింది, పొయ్యి ఎగదోసింది పేరు మిగలని కూలీలు, సిబ్బంది. సంస్థానం పోయింది, గద్దె పోయింది. దొర కచ్చడం ముందు పరుగెత్తిన వెట్టివాడి మునిమనుమరాలు నేడు అదే దారిలో బస్సు కిటికీ పక్కన కూర్చుని కళాశాలకు వెళ్తోంది. జిల్లా చరిత్రలో ఏలికకు ఒక పుట ఉన్నప్పుడు, ఆమె ప్రయాణానికీ ఒక పుట ఉండాలి.